దర్వాజ కట్టె

మహాదేవప్ప ద్వారబంధానికి చెవి ఆనించి నిలబడ్డాడు. ఎండ నడినెత్తి మీద ఉంది. ఇంటి లోపల ఎవరూ లేరు.

టక్.

"విన్నవా?" అనంతమ్మ గొంతు తగ్గించింది. "దినాం గీ యాల్లకే. ఎవరో ఏలితోని కొట్టినట్టు."

వాకిట్లో కూర్చున్న ఆమె కోడలు బాలమణి తలెత్తలేదు. పెళ్లయిన ఆరేళ్లలో ఇద్దరిని కంది. మొదటివాడు తొమ్మిదో రోజున పోయాడు. రెండోది కళ్లే తెరవలేదు. ఆ తర్వాతే ఈ చప్పుడు మొదలైంది. పక్కింటి యాదమ్మ ఇప్పుడు ఏం కావాలన్నా గడప బయటినుంచే అడుగుతుంది.

"దయ్యం లేదు, గియ్యం లేదు," మహాదేవప్ప నవ్వాడు. ఇరవై ఏళ్ల కింద ఈ ద్వారబంధం చేసింది ఆయనే. జహీరాబాద్‌లో సగం ఇళ్ల తలుపులు ఆయన చేతివే. "ఎండకు కట్టె గుంజుకుంటది. అతుకు కాడ సందు వడ్డది. ఎండ మీద వడంగనే పలుకుతది. సన్నటి చీల చెక్కి సందుల కొడితే నోరు మూసుకుంటది. ఎండిన టేకుదే కొట్టాలె. పచ్చి కట్టెదైతే నెల తిరగకముందే మల్ల వదులైతది."

అనంతమ్మ నీళ్లు తేవడానికి లోపలికి వెళ్లింది. బాలమణి దగ్గరికి వచ్చింది.

"తాతా, చీల కొడితే ఇగ వినవడదా?"

"వినవడదు బిడ్డా. భయం పోతది."

"భయం గాదు." ఆమె ఒకసారి వెనక్కి చూసుకుంది. "ఎవ్వరు లేనప్పుడు నేను పలుకుత. వస్తున్న నాయినా, అంట."

మహాదేవప్ప చేతిలో ఉలి ఆగింది.

"నీకు పిల్లలున్నరా తాతా?"

"ఒక బిడ్డ ఉండె. ఒకనాడు వచ్చి మా తలుపు కొట్టింది. సముదాయించి మల్ల అత్తగారింటికే తోలిన. ఇగ తిరిగి రాలే." ఉలి నూరుతూ కూర్చున్నాడు.

అనంతమ్మ చెంబు తెచ్చి పెట్టింది. "అయితే కట్టె తప్పేం లేదంటవు?"

"ఏం లేదు. ఇంకో యాభై ఏండ్లు నిలుస్తది."

"మొగుడంపల్లి అయ్యగారు, కట్టె తలకిందులు నిలవెట్టిన్రేమో సూడుమన్నడు. చెట్టు మొదలు కిందికి, కొస మీదికి ఉండాలె గద. తలకిందులైతే ఆ ఇంట్ల పిల్లలు నిలువరట."

"నేను తలకిందులు నిలవెడుతనా?" మహాదేవప్ప గొంతు లేచింది. "నలభై ఏండ్ల సంది ఒక్కనితోని గా మాట అనిపించుకోలే!"

"అయితే తప్పు దీనిదే." అనంతమ్మ కోడలి వైపు చెయ్యి చూపింది. "ఐతారం నాడు రాయికోడ్ పోయి ఇంకో పెండ్లికి పిల్లను ఖాయం చేసుకొస్తం. నా కొడుకు అమర్నాథ్ సుత ఒప్పుకున్నడు. ఇది పెట్టె సదురుకొని తల్లిగారింటికి పోవుడే."

బాలమణి ఏడవలేదు. గడప మీద అరచెయ్యి పెట్టి కూర్చుంది.

టక్.

మహాదేవప్ప ఉలి కింద పెట్టి లేచాడు. కట్టెను కింది నుంచి పైదాకా వేలితో తడిమాడు. ఒకచోట వేలు ఆగింది. ముఖం పాలిపోయింది.

"ఏంది?" అంది అనంతమ్మ.

"కొమ్మ ఎప్పుడైనా ఆకాశం దిక్కే పోతది. ఈ కట్టెల కొమ్మ మొలిచిన కన్ను సూడు, నేల దిక్కు వంగున్నది." కట్టె మీంచి చెయ్యి తీశాడు. "తప్పు నాదే అనంతమ్మా."

"సూసినవా! నీ తప్పు బయటవడుతదనేనా, గింతసేపు చీలలు, సందులు అన్నవు?"

అమర్నాథ్‌ను పొలం నుంచి పిలిపించారు. ఇద్దరూ కలిసి గోడ గీకి ద్వారబంధాన్ని ఊడదీశారు. సాక్ష్యం కావాలని అనంతమ్మ యాదమ్మను కూడా పిలిచింది.

"నడుమ తాడు కట్టి వేలాడదీస్తే మొదలు దిక్కు బరువుంటది, కిందికి వంగుతది. అందరు సూడున్రి," అన్నాడు మహాదేవప్ప. కొలిచి తాడు కట్టాడు. రెండు వేళ్లు జరిపి సరిచేశాడు. ఇన్నేళ్లు పైన ఉన్న వైపు మెల్లగా నేలవైపు దిగింది. రెండో కట్టె కూడా అంతే.

"మా ఇంటి దర్వాజ గూడ నువ్వే చేస్తివి గదయ్యా!" యాదమ్మ నెత్తి కొట్టుకుంది.

"నా మనుమలను మింగినవు," అంది అనంతమ్మ. "బజార్ల అందరికి చెప్త. ఇగ నీకు ఎవరు పనిస్తరో సూస్త."

"చెప్పు అనంతమ్మా. అందరికి చెప్పు."

ఎడమ కట్టెను కుడికి, కుడిదాన్ని ఎడమకు మార్చి, రెండింటినీ తిరగేసి నిలబెట్టాడు. అతుకుల్లో టేకు చీలలు దిగగొట్టాడు. పొద్దు వాలేలోగా తలుపు కూడా బిగించాడు. అనంతమ్మ కట్టెలకు పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి, కోడలి చెయ్యి పట్టుకుంది.

"కుడికాలు పెట్టి లోపటికి పోవే. నీ తప్పేం లేదని తేలింది."

"ఐతారం పొలానికే పోత," అన్నాడు అమర్నాథ్, ఎవరి ముఖమూ చూడకుండా.

బాలమణి గడప దాటింది. లోపలికి పోయి, ఒక్క నిమిషం చెవి ఒగ్గి నిలబడింది. ఇల్లంతా నిశ్శబ్దంగా ఉంది.

మహాదేవప్ప పనిముట్లు గోనెసంచిలో వేసుకున్నాడు. చెంబులో నీళ్లు అట్లాగే ఉన్నాయి. వెళ్లబోతూ ఆగి, కట్టెకు నుదురు ఆనించి, "నన్ను మన్నించు," అన్నాడు.

"ముసలోనికి ఇప్పుడు సిగ్గయితున్నది," అంది యాదమ్మ.

ఆ కట్టెలు నిజంగా తలకిందులైంది ఆ రోజే.