ఒడ్డు అవతలి చేను

మహేందర్ మిరపతోటకు కాయకుళ్లు పట్టింది. ఒకే మందును వారం వారం డోసు పెంచి కొట్టాడు. రోగం ఆ మందుకు అలవాటు పడిపోయింది. చివరకు రోగం పట్టిన మొక్కలు పీకేశాడు. కాల్చాలని తెలుసు. కానీ ఓపిక లేక పొలం ఒడ్డు అవతల, సాగు లేక పడావు పడ్డ చేన్లో పారేశాడు. అది యోసేపన్న చేను. నిరుడు అతని సమాధిలో మహేందర్ కూడా పిడికెడు మట్టి వేశాడు. ఇక అడిగేవాళ్లు ఎవరున్నారులే అనుకున్నాడు.

ఆ రాత్రి మిగిలిన తోటకు నీళ్లు పెట్టి, మోటరు బంద్ చేశాడు. అప్పుడు వినబడింది, పడావులోంచి మందు పంపు చప్పుడు. కిర్రు... కిర్రు...

టార్చి వేశాడు. మనిషి లేడు. పారేసిన మొక్కలు మాత్రం సాళ్లు తీరి నిలబడి ఉన్నాయి. ఎండిన ఆకుల నుంచి మందు చుక్కలు చుక్కలుగా కారుతోంది.

చప్పుడు ఆగింది.

"మహేందరూ..." యోసేపు గొంతే. కోపం లేదు, ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "నా చేన్లకు గీ రోగం ఎట్లొచ్చిందో ఎర్కలేదు తమ్మీ. ఎంత కొట్టినా తగ్గుతలేదు. నీ తోటకు గూడ అంటుతదేమో. జర ఆగు, నీకు గూడ కొట్టిపెడత."

తన మొఖం కనబడకూడదని మహేందర్ టార్చి ఆర్పేశాడు.

పంపు చప్పుడు మళ్లీ మొదలై, మెల్లగా ఒడ్డు దాటింది.