పాఠకుడు 3172

"మళ్లీ పొడిగించమంటావా?" ముద్ర చేతిలో పట్టుకుని అడిగాడు హర్జోనో. "నాలుగో వారం ఇది. ఈపాటికి నీకు కంఠతా వచ్చేసి ఉండాలే."

"నిదానంగా చదువుతున్నా బాబాయ్," అంది వెనింగ్ అమాయకంగా ముఖం పెట్టి.

నిజానికి ఆ పుస్తకం మొదటిరోజే చదివేసింది. 'గోడ' అనే నవలకి మూడో భాగం, అంటే ఆఖరి భాగం. సోలో పట్నంలో హర్జోనో అద్దెపుస్తకాల షాపుకి వచ్చింది ఒక్కటే కాపీ, ప్లాస్టిక్ తొడుగైనా వెయ్యకముందే ఆమె తీసుకుపోయింది. ముద్ర వేయించుకున్నన్నాళ్లు అది చదువరి దగ్గరే ఉండొచ్చని షాపు నియమం. వెనింగ్‌కి కావలసింది కూడా అదే. 3172 అనేవాడికి ఆ పుస్తకం దక్కకూడదు.

షాపులో గల్లాబల్లకి దారంతో కట్టిన నోట్‌బుక్ ఒకటి ఉండేది. చదివినవాళ్లు అందులో అభిప్రాయం రాయాలి. పేర్లు రాస్తే తగవులొస్తాయని, పేరు బదులు నంబరు వెయ్యమనేవాడు హర్జోనో. వెనింగ్ నంబరు 418. విధి ఎంచుకున్న అమ్మాయి, మణికట్టు మీద పుట్టుమచ్చ, వెంటపడే ఇద్దరబ్బాయిలు, కూలిపోయే దుర్మార్గపు సర్కారు... ఇలాంటి నవలల్ని ఆమె ఎంత తిట్టేదో అంత ప్రేమించేది. ఆమె అభిప్రాయాలు చదవడానికే కొందరు షాపుకి వచ్చేవారు.

గోడ నవల మొదటి భాగం మీద నాలుగు పేజీలు రాసింది. ఆకలితో ఉన్న నాయిక తన రొట్టె పక్కవాడికిచ్చే ఘట్టాన్ని ఆకాశానికెత్తింది. మర్నాడు షాపు తెరిచేసరికే కింద ఒక వాక్యం ఉంది. "418 గారు ఒక్కరాత్రి కూడా ఖాళీ కడుపుతో పడుకోలేదని తెలుస్తోంది. 3172."

షాపులో అందరూ పడీపడీ నవ్వారు. బడిలో నెల్లాళ్లపాటు ఆమెను 'ఆకలెరగని రాణిగారు' అని పిలిచారు. వెనింగ్‌కి తల కొట్టేసినట్టయింది. ఆ మంట ఏడాదైనా చల్లారలేదు.

తర్వాత కూడా వాడు ఊరుకోలేదు. గోడ దూకి పారిపోయే ఘట్టం అద్భుతమని ఆమె రాస్తే, "ఎవరూ దూకి రారు. ఏదో ఒకరోజు వాళ్లే తలుపు తీసి పొమ్మంటారు," అని రాశాడు. కాపలావాడు రాక్షసుడని రాస్తే, "వాడికీ జ్వరమొస్తుంది, మన దగ్గరే మందడుగుతాడు," అన్నాడు. అన్నీ తెలిసిన పెద్దమనిషి మరి. పైగా వాడిదొక పిరికి అలవాటు. "నేను ముందు ఆఖరి పేజీ చూస్తాను. పిల్ల ఇల్లు చేరితేనే చదువుతాను," అని సిగ్గులేకుండా రాసుకున్నాడు.

వాడెవడో పట్టుకోవాలని సభ్యుల కార్డుల పెట్టె అంతా వెతికింది. ఆఖరి నంబరు 960. మూలన స్టూలు మీద కూర్చుని పుస్తకాలకి ప్లాస్టిక్ తొడుగులేసే ముసలాయన్ని కూడా అడిగి చూసింది.

"ఈ 3172 ఎవరో నీకేమైనా తెలుసా తాతా?"

"ఎవరో పనీపాటా లేనివాడై ఉంటాడమ్మా," అని మళ్లీ కత్తెర అందుకున్నాడాయన.

చివరికి ఆమె అనుమానం తన బడిలోనే చదివే గలిహ్ మీద నిలిచింది. కళ్లజోడు, వెటకారపు నవ్వు, ఎప్పుడూ చేతిలో టెంపే అనే వేయించిన సోయా ముక్కల పొట్లం. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది వాడే.

నాలుగో ముద్ర పడ్డ మర్నాడు నోట్‌బుక్‌లో ఆమె ఎదురుచూస్తున్న మాట కనబడింది. "418 గారూ, పుస్తకం మీ దగ్గరే ఉంచుకోండి. ఒక్కటి చెప్పండి చాలు. ఆ పిల్ల ఇల్లు చేరుతుందా? 3172."

వెనింగ్ గుండె సంతోషంతో ఎగిరింది. నవ్విన నాపచేనే పండుతుందంటే ఇదే. నవలలో ఆ పిల్ల వానలో తడుస్తూ ఇల్లు చేరుతుంది, అవ్వ ఆమె కోసం కంచం కడిగి పెట్టి ఉంటుంది. ఆ పేజీ దగ్గర వెనింగ్ వెక్కి వెక్కి ఏడ్చింది కూడా. అయినా కలం తీసి, ఒత్తి ఒత్తి రాసింది.

"చేరదు. గోడ అవతలే చచ్చిపోతుంది. ఆమె పేరు కూడా ఎవరికీ గుర్తుండదు. 418."

కుక్క కాటుకి చెప్పు దెబ్బ. ఆ తర్వాత మూడు రోజులు ఆమెకి అన్నం ఎంతో రుచిగా అనిపించింది. గలిహ్ మాత్రం మామూలుగానే టెంపే నములుతూ తిరిగాడు. లోపల కుమిలిపోతూ పైకి నటిస్తున్నాడనుకుని మరీ మురిసిపోయింది.

గురువారం నాడు పుస్తకం తెచ్చి బల్లమీద పెట్టింది. మూలన స్టూలు ఖాళీగా ఉంది, తొడుగులు వెయ్యాల్సిన పుస్తకాలు గుట్టగా పడున్నాయి.

"ఇక ఆ 3172కి ఇచ్చుకోండి బాబాయ్. పాపం, ఎదురుచూస్తున్నాడేమో."

హర్జోనో పుస్తకం ముట్టుకోలేదు. "ఆయనకి వద్దట. ఇక ఏ పుస్తకమూ వద్దంటున్నారు. నువ్వు రాసింది నాచేత రెండుసార్లు చదివించుకుని లోపలికెళ్లి పడుకున్నారు. మూడు రోజులుగా లేవలేదు."

"ఎవరు?"

"మా నాన్న. రోజూ ఈ మూల కూర్చునేవారే."

వెనింగ్ ఖాళీ స్టూలు వైపు తిరిగింది. "తాతా? కార్డుల పెట్టెలో ఆ నంబరే లేదు కదా."

"ఆయనకి కార్డెక్కడిది? పేరొద్దు, నంబరు వెయ్యమన్నాను. ఆయన మరిచిపోలేని నంబరు అదొక్కటే." హర్జోనో నోట్‌బుక్ మూసి దారం చుట్టాడు. "సర్కారు బంధించి ఉంచిన దీవి జైల్లో పదేళ్లూ నాన్న పేరు అదే."