ఏడో స్లాటు

నరసరావుపేటలో మోటార్లకు వైండింగు చేసేవాళ్ళందరి చేతులకూ ఇప్పుడు గ్లౌజులే. రాగితీగ ఎన్ని చుట్లు చుట్టాలో గ్లౌజే లెక్కపెట్టి వేళ్ళను నడిపిస్తుంది. కుర్రవాళ్ళకు విసుగు పుట్టకుండా వారానికొకసారి పట్టు సడలిస్తుందట. అప్పుడు దొర్లిన తప్పును వాళ్ళే వెతికి దిద్దుకోవాలి.

పనిలో చేరి ఏడాదైన ఎస్తేరు ఈ శుక్రవారం కూడా తన తప్పు తానే పట్టుకుంది. తీగ దూర్చే గాళ్ళలో ఏడోది, ఏడో స్లాటులో ఒక చుట్టు తక్కువ. పోయిన వారమూ ఏడో స్లాటే. ఆమెకు అనుమానం వచ్చి, పక్క బల్ల దగ్గరున్న కరీమూన్‌ను అడిగింది.

“నీకెక్కడ పోయింది?”

“ఏడో దాంట్లో. ఏంది, నీదీ అంతేనా?”

అయితే తప్పు చేయిస్తున్నదీ గ్లౌజేనా? ఎస్తేరు దాన్ని ఊడదీసి బల్ల మీద పడేసింది.

“మేస్త్రీ, ఈ మోటారు వట్టి చేతుల్తో చుడతా.”

“కాలిపోద్దమ్మాయ్,” అన్నాడు మస్తాన్ మేస్త్రీ.

చుట్టడం పూర్తిచేసి కరెంటు ఇవ్వగానే, అన్నట్టే కాలిపోయింది. షెడ్డంతా వార్నీషు పొగ కమ్మింది. ఎస్తేరు దగ్గుతూనే మోటారు విప్పి, నల్లబడిన తీగ ఎక్కడుందా అని ఒక్కో స్లాటే లెక్కపెట్టుకుంటూ పోయింది.

“పన్నెండోది మేస్త్రీ!” అని కేకేసింది. “ఈ తప్పు నాదే!”