తేలే దీవి

శాలిని గూడబాతు ముక్కుకి మూడోసారి జిగురు రాస్తుండగా ఫోను మోగింది. చెరువు గట్టు మీదినుంచి ఏసుకుమార్.

“మేడమ్ గారూ, జనరేటర్ స్టార్టవ్వట్లేదండీ. బ్యాటరీ పూర్తిగా పోయిందండీ. ఈ రాత్రి లైను పనుందని కరెంటు తీసేస్తారంటండీ. పైగా మబ్బు పట్టేసింది. ఏరేటర్లు ఆగితే చేపలకి గాలాడదు కదండీ.”

“సార్‌తో ఇప్పుడే చెప్తానుండండి.”

నలభై ఎకరాల చెరువు. చేపల పట్టుబడికి ఇంకా పదిరోజులే ఉన్నాయి. శీలావతులూ బొచ్చెలూ ఒక్కోటీ కిలో దాటాయి. పిల్లలుగా వదిలిన రోజు నుంచి వాటి మేతా మందూ చూసింది శాలినే. ఈ రాత్రి జనరేటర్ తిరగకపోతే తెల్లారేసరికి అన్నీ వెల్లకిలా తేలతాయి. అలాంటి రోజున తను ఏలూరు ఆఫీసులో కూర్చుని, థర్మాకోల్ దీవి మీద థర్మాకోల్ గూడబాతుని నిలబెడుతోంది. ఏడవాలో నవ్వాలో ఆమెకి తెలియలేదు.

మేనేజర్ గదిలోకి వెళ్ళేసరికి మల్లికార్జునరావు గారు ఫోన్లో ఉన్నారు. “ఒకటి పక్కన పెట్టండి. సాయంత్రానికల్లా ఖాయం చేస్తాను,” అని పెట్టేశారు. కాజాల పొట్లం కాబోలనుకుంది శాలిని. ఆయనకి కాజాలంటే ప్రాణం.

“సార్, బ్యాటరీ...”

“గూడబాతు నిలబడిందా అమ్మా?”

“నిలబడిందండీ. జనరేటర్ బ్యాటరీ...”

“రెక్కలు విప్పినట్టుండాలి. చైర్మన్ గారికి ముందు కనపడేది అదే.”

చైర్మన్ ప్రసాదరావు గారు ఉండేది తాడేపల్లిగూడెంలో. ఉల్లిపాయల మార్కెట్లో ముప్పై ఏళ్ళు బేరాలాడి పైకొచ్చిన మనిషి. ఆయన సంతకం లేనిదే ఆఫీసులోకి చీపురు కూడా రాదు. పోయిన నెల శాలిని బ్యాటరీ కావాలని ఉత్తరం రాస్తే, ‘పాతదాంట్లో నీళ్ళు పోసి వాడండి’ అని దాని మీదే రాసి తిప్పి పంపారు. ఆ ఉత్తరం పట్టుకెళ్ళి మల్లికార్జునరావు గారికి చూపించింది. ఆయన చదివి, కాగితం తిరగేసి, దాని వెనక తేలే దీవి బొమ్మ గీయడం మొదలుపెట్టారు.

ఆయన తీరే అంత. నిరుడు చెరువు అడుగున అద్దాల సొరంగం అన్నారు. నెలంతా శాలిని చేత బొమ్మలు గీయించారు. చివరికి వచ్చింది రెండు జతల గంబూట్లు. ఆ తర్వాత డ్రోన్ల దళం అన్నారు. వచ్చింది ఒక టార్చిలైటు. “కొండని తవ్వి ఎలకని పట్టడమంటే ఇదేనండీ మేడమ్ గారూ,” అని ఏసుకుమార్ ఆ గంబూట్లు వేసుకుని, ఆ టార్చి పట్టుకుని మరీ నవ్వేవాడు.

తాడేపల్లిగూడెం వెళ్ళే కారులో దీవి శాలిని ఒళ్ళో కూర్చుంది. బ్రేకు పడ్డప్పుడల్లా గూడబాతు ఆమె గడ్డాన్ని పొడుస్తోంది.

“సార్, ఈ ఒక్కసారికీ దీవి వదిలేసి బ్యాటరీ అడగండి. మీకు దణ్ణం పెడతాను.”

“పెద్దగా ఆలోచించడం నేర్చుకోవాలమ్మా,” అన్నారాయన, కిటికీలోంచి మబ్బు వంక చూస్తూ.

ప్రసాదరావు గారు దీవిని చూసి కళ్ళజోడు సర్దుకున్నారు.

“ఏంటయ్యా ఇది, పెళ్ళి కేకా?”

“దీవండీ. చెరువు మధ్యలో తేలుతుందండీ. పైనంతా సోలార్ పలకలు. వాటి కరెంటుతో ఏరేటర్లు తిరుగుతాయండీ. ఇదిగో, ఇక్కడ గుండ్రంగా తిరిగే హోటలు. జనం గూడబాతుల్ని చూస్తూ చేపలపులుసు తింటారండీ.”

“గూడబాతులు ఏం తింటాయి?”

“మన చేపలేనండీ.”

“ఎంతవుద్ది?”

“ఐదు కోట్లలో సరిపెట్టేయచ్చండీ.”

ప్రసాదరావు గారి టీ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది.

“కరెంటు పోతే జనరేటర్ ఉంది కదయ్యా?”

“ఉందండీ. దాని బ్యాటరీ పోయింది. అలాంటి చిన్న విషయాలు ఇప్పుడెందుకులెండి. ఈ హోటలు పైకప్పు చూడండి...”

శాలినికి ఒళ్ళు మండింది. దొరక్క దొరక్క దొరికిన సందుని ఈయనే మూసేస్తున్నాడు.

“అది చిన్న విషయం కాదండీ,” అనేసింది. “ఈ రాత్రి కరెంటు తీసేస్తున్నారు. జనరేటర్ తిరక్కపోతే చెరువు మొత్తం పోతుందండీ.” తన గొంతు అంత పైకి లేస్తుందని ఆమెకే తెలియదు.

ప్రసాదరావు గారి మొహం వెలిగింది.

“చూశావా? ఈ అమ్మాయికున్న బుద్ధి నీకు లేదు. ముందు బ్యాటరీ వేయించు. దీవి మాట మర్చిపో.”

“పోనీ, సగం దీవండీ?”

“బ్యాటరీ.”

“కనీసం హోటలైనా...”

“ఒక్క బ్యాటరీ. ఇంకో మాటన్నావంటే అదీ లేదు.”

సంతకం గీకి కాగితం విసిరారు. ఐదు కోట్లు మిగిల్చిన సంబరంలో ఇద్దరికీ టీ కూడా చెప్పారు.

బయటికొచ్చాక శాలినికి గంతులేయాలనిపించింది. కానీ మల్లికార్జునరావు గారు దీవిని చంకలో పెట్టుకుని, తల వంచుకుని నడుస్తున్నారు. గూడబాతు ముక్కు మళ్ళీ ఊడింది. ఆమెకి జాలేసింది.

“మనసు కష్టపెట్టుకోకండి సార్. మీ మాటకి అడ్డొచ్చాను, ఏమనుకోకండి.”

“ఏం ఫరవాలేదమ్మా. వేళకి వచ్చావు,” అని ఆయన దీవిని భద్రంగా కారు వెనక సీట్లో పెట్టి, ఫోను తీశారు. ఇంత దుఃఖంలోనూ కాజాలు మర్చిపోలేదనుకుని శాలిని నవ్వాపుకుంది.

“పొద్దున పక్కన పెట్టమన్నాను చూడండి, ఆ బ్యాటరీ చెరువుకి పంపించెయ్యండి,” అన్నారాయన.