కమ్మని పొగ

“ముక్కు మూసుకుని రండి అధ్యక్షులుగారూ, లోపల పొగ ఉంటుంది,” అంది ఫుసానో, తలుపు జానెడే తెరిచి.

జపాను ఉత్తరపు అంచున, ఓఖోట్స్క్ సముద్రం మీంచి వచ్చే గాలి మంచును అడ్డంగా విసిరికొడుతోంది. వీధి సంఘం అధ్యక్షుడు మికామి కనుబొమలు తెల్లగా గడ్డకట్టాయి. అతని వెనకాల భార్య, రిటైరైన మాస్టారు కుదో, ఏడు నెలల పసివాణ్ణి కోటులో దాచుకున్న చిహొ. కరెంటు పోయి రోజున్నర అయింది. వాళ్ళ ఇళ్ళల్లో ఉన్నవన్నీ మీట నొక్కితే వెలిగే హీటర్లు. కిరోసిన్ నిండా ఉన్నా కరెంటు లేకపోతే వాటిలో మంట రాదు. వీధి మొత్తానికి కట్టెల పొయ్యి ఉన్నది డెబ్భై ఆరేళ్ళ ఫుసానో ఇంట్లోనే.

“వేళాకోళం తర్వాత, ముందు లోపలికి రానివ్వండి,” అన్నాడు మికామి, పళ్ళు టకటకలాడుతుంటే. “రోడ్లు మూసుకుపోయాయి. ఫోన్లు కూడా చచ్చిపోయాయి.”

“అయ్యో! నా పొగగొట్టం తీయించాలని పోయిన నెల పదకొండు ఇళ్ళవాళ్ళు సంతకాలకు బదులు ముద్రలు గుద్ది కాగితం పంపారు కదండీ. ఆరేసిన బట్టలు కంపు కొడుతున్నాయని. ఆ కంపులోకి మిమ్మల్ని ఏ మొహం పెట్టుకుని రమ్మనను?”

చిహొ తల వంచుకుంది. “బామ్మా, దాని మీద నేనూ ముద్ర వేశాను.”

“తెలుసులే. వీడు వెయ్యలేదుగా!”

పసివాడి పెదవులు నీలంగా ఉన్నాయి. ఫుసానో చిహొ మోచెయ్యి పట్టి లోపలికి లాగింది. పొయ్యి పక్కన కూర్చోబెట్టి, మళ్ళీ వచ్చి గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “మీరు మాత్రం ఒక్కొక్కరూ చెప్పి రండి, నా పొగ ఎలా ఉంటుందో.”

మాస్టారు ముందు లొంగిపోయాడు. “చిన్నప్పుడు మా ఇంట్లో కూడా ఇదే వాసనండీ. కమ్మగా ఉండేది.”

“మన వీధికే అందం ఆ పొగగొట్టం!” అంది మికామి భార్య, అప్పటికే బూట్లు విప్పేస్తూ. ఆ ఫిర్యాదు రాసింది ఆవిడే. దస్తూరి ముత్యాల్లా ఉంది కూడా.

మికామి ఒక్కడే మిగిలాడు. భుజాల మీద మంచు పేరుకుంటుంటే కాసేపు బిగదీసుకు నిలబడి, చివరికి నడుము దాకా వంగాడు. “కమ్మగా ఉంటుంది.”

“ఏమిటీ? గాలి హోరు, వినపడట్లేదు.”

“కమ్మగా ఉంటుందండీ!” అని అరిచాడు.

ఆ అరుపు ఫుసానో గొంతులోంచి వేడి సాకే సారాలా హాయిగా దిగింది.

పొయ్యి మీద బంగాళాదుంపలు కాల్చి, వెన్న రాసి అందరికీ పెట్టింది. దుంపకో దెప్పు. “తినండి మాస్టారూ, పొగ వాసనొస్తే క్షమించాలి.” “ఏమ్మా, మీ అధ్యక్షులవారిని పొయ్యికి అంత దగ్గరగా కూర్చోనివ్వకు, కోటు కంపు కొట్టగలదు.” ముగ్గురూ నవ్వారు. నవ్వక ఏం చేస్తారు? ఛీ, వీళ్ళా నాకు బుద్ధులు చెప్పొచ్చింది, అనుకుంది ఫుసానో. కాస్త చలేస్తే చాలు, ఉమ్మిందంతా నాకేసుకుంటారు.

అయినా కసి తీరలేదు. ఓ తెల్లకాగితం తెచ్చి మికామి ముందు పెట్టింది. “ఈ ఇంటి పొగగొట్టం జోలికి ఇక ఎవరూ రారని రాసి, ముద్ర వెయ్యండి.”

“ముద్ర ఇంట్లో ఉండిపోయింది...”

భార్య మోచేత్తో పొడిచింది. మికామి లోపలి జేబులోంచి ముద్ర తీశాడు. ఇంత తుపానులో గుక్కెడు టీ అయినా తెచ్చుకోని మనిషి, దాన్ని మాత్రం మరిచిపోలేదు.

“ఒక్కరి మొండితనానికి వీధంతా బాధపడాలా అని అడిగారుగా ఆ ఫిర్యాదులో?” అంది ఫుసానో, తడి ఆరని ముద్రను దీపం దగ్గర పెట్టి చూసుకుంటూ. “చూశారా మరి, ఎవరి మొండితనం ఎవర్ని బతికించిందో!”

పసివాడి పెదవులకు ఎరుపు తిరిగొచ్చింది. తల్లి ఒళ్ళో నిద్రపోయాడు.

అంతలో తలుపు దబదబలాడింది. హెల్మెట్లు పెట్టుకున్న ఇద్దరు కరెంటు కంపెనీ మనుషులు గుమ్మంలో మంచు దులుపుకున్నారు.

మికామి గబుక్కున లేచాడు. “బాబూ, ఊరికి కరెంటు ఎప్పుడిస్తారు?”

“ఊరికి నిన్న సాయంత్రమే ఇచ్చేశామండీ. మీ వీధి ఒక్కదానికే లేదు. ఈ ఇంటి వెనక దేవదారు విరిగి తీగల మీద పడింది.” వాళ్ళలో పెద్దవాడు జేబులోని కాగితం తీసి చూసుకున్నాడు. “ఫుసానో గారంటే ఎవరు? కొమ్మలు కొట్టనివ్వమని మూడు ఉత్తరాలు రాశాం. మీకు అందలేదా?”

నాలుగు తలలు ఆమె వైపు తిరిగాయి. ఫుసానో మంటలోకి చూస్తూ కూర్చుంది.

“అందాయి,” అంది. “మూడూ పొయ్యిలో పెట్టాను.”