భోజనాల డెస్కు

ఫ్రిజ్ మీద పట్టిక అతికించి టీచరమ్మ చేతులు దులుపుకుంది.

థీమ్ పార్కులో మూడు రోజులు. రోజుకు మూడు పూటలు, మొత్తం తొమ్మిది. ఏ పూట ఏ రెస్టారెంటు, ఎన్ని గంటలకి, ఎవరు ఎవరి పక్కన, అన్నీ అందులో ఉన్నాయి. నెల ముందే టేబుళ్లు పట్టుకోకపోతే అక్కడ మంచినీళ్లు కూడా పుట్టవట. బడిలో నలభై మంది టీచర్లకు టైమ్ టేబుల్ వేసే మనిషికి ఇంట్లో ముగ్గురు ఒక లెక్కా?

లెక్కే. పోయినసారి ఎక్కడ తినాలో తేలక పార్కు గేటు దగ్గరే గంటసేపు కీచులాడుకున్నారు. తేలేసరికి టేబుళ్లన్నీ నిండిపోయాయి. నలుగురూ కార్లో కూర్చుని బిస్కెట్లు నమిలారు. అత్తగారు వారం రోజులు కోడలితో మాట్లాడలేదు. కోడలికి ఆ వారం హాయిగానే గడిచిందనుకోండి, అది వేరే సంగతి.

"ఈసారి తిండి దగ్గర ఒక్క గొడవ జరిగినా ఇదే మన ఆఖరి ప్రయాణం" అంది టీచరమ్మ. ఆమె అన్నంత పనీ చేస్తుందని అందరికీ తెలుసు.

అయినా భర్త రెండో రోజు గడి మీద వేలు పెట్టాడు. "సాయంత్రం సూపూ, ఉడికించిన కూరగాయలూనా? కోట రెస్టారెంట్లో మాంసం నిప్పుల మీద కాల్చి, మన ఎదురుగానే కోసి పెడతారట."

"నాకు తొమ్మిది పూటలూ పిజ్జా" అంది కూతురు.

"పన్నెండింటికల్లా నాకు ముద్ద నోట్లోకి పోవాలమ్మాయ్. పన్నెండున్నర అని రాశావు" అన్నారు అత్తగారు.

"నన్ను చంపకండి. అడుగున పార్కు వాళ్ల భోజనాల డెస్కు నంబరుంది. ఫోన్లు ఎత్తరట. మార్పులు కావాలంటే మెసేజ్ పెట్టి వాళ్లనే పీక్కుతినండి" అంది టీచరమ్మ. గ్యాసు వాడి దగ్గర్నుంచి పళ్ల డాక్టరు దాకా ఇంట్లో నంబర్లన్నీ కనుక్కునేది అత్తగారే. ఇదీ ఆవిడ తెచ్చిందే.

"నా వల్ల కాదు ఆ మెసేజ్‌లు. పన్నెండున్నరకే తిని చస్తాను" అని అత్తగారు గదిలోకి వెళ్లిపోయారు.

భర్త ఆఫీసుకెళ్లగానే మెసేజ్ పెట్టాడు. కోటలో టేబుల్ కావాలన్నాడు. గంటకి జవాబొచ్చింది.

"నమస్కారమండీ. మీ పేరు పక్కన షుగరు అని రాసి ఉంది. కాల్చిన మాంసం వీలుపడదండీ."

ఇంట్లో అతన్ని ఇన్నిసార్లు అండీ అనేవాళ్లు లేరు. కరిగిపోయాడు. "అది ఇంటి లెక్కండీ. ఇక్కడ క్యాంటీన్లో రోజూ రెండు చికెన్ రోల్స్ లాగిస్తాను. మా ఆవిడకి తెలీదు."

"రెండేనా అండీ?"

"ఒక్కోసారి మూడు."

"నిజం చెప్పినందుకు సంతోషమండీ. ప్రయాణం దాకా క్యాంటీన్ మానేసి, రోజూ పొద్దున్నే అరగంట నడిస్తే మీ పేరు వెయిటింగ్ లిస్టులో వేస్తాం."

పార్కు వాళ్లకి తన నడకతో పనేమిటని అతనికి తట్టలేదు. వెయిటింగ్ లిస్టు అనేసరికి ఎంతటివాడికైనా బుర్ర పనిచెయ్యదు. మర్నాడు పొద్దున్నే బూట్లు వెతుక్కున్నాడు.

కూతురికి ఒక పూట పిజ్జా మంజూరైంది, గది సర్దిన ఫొటో పంపాక. మధ్యాహ్నం ఒంటిగంట నుంచి మూడు దాకా మాత్రం డెస్కు ఎవరికీ పలికేది కాదు.

పది రోజులు గడిచాయి. ఇంట్లో తిండి మాటెత్తిన వాళ్లు లేరు. అంత ప్రశాంతత టీచరమ్మకి అలవాటు లేదు. ఏదో జరుగుతోందని భయపడి, స్టాఫ్ రూములో కూర్చుని తనే డెస్కుకి రాసింది.

"మావాళ్లు ఏం అడిగారో నాకనవసరం. నావి రెండే మాటలు. ఒకటి, మర్యాదకి మా అత్తగారి పక్కన నా పేరు రాశాను. అక్కడికొచ్చాక మీరే పొరపాటున మార్చినట్టు మార్చెయ్యండి. ఆవిడ నేను తినే ప్రతి ముద్దా చూస్తారు."

ఈసారి జవాబు చాలా ఆలస్యమైంది. "అలాగేనండీ. రెండోది?"

"ఆవిడ భోజనం. పన్నెండింటికి టేబుల్ కోసం ఎంత వెతికినా దొరకలేదు. పోయినసారి బిస్కెట్లు తిని కళ్లు తిరిగి ఆవిడ కారు డోరు పట్టుకున్నారు. నాకు గుండె ఆగినంత పనైంది. ఎవరి టేబుల్ పోయినా ఫరవాలేదు, ఆవిడకి పన్నెండింటికి వేడిగా ఏదో ఒకటి పెట్టించండి. నేను అడిగానని మాత్రం తెలియనివ్వకండి, నెత్తికెక్కుతారు."

డెస్కు ఏదో రాస్తున్నట్టు చూపించింది. ఆగింది. మళ్లీ రాస్తున్నట్టు చూపించింది.

"ఎవరికీ చెప్పమండీ. మీ అత్తగారు అదృష్టవంతురాలు."

"ఆ సంగతి ఆవిడకి తెలియొద్దూ?" అని కొట్టి, గంట మోగడంతో టీచరమ్మ క్లాసుకి పరుగెత్తింది.

ఇంట్లో, ముప్పై ఏళ్లు రైల్వే విచారణ కిటికీ వెనక పనిచేసి రిటైరైన అత్తగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఇంట్లో ఎవరికీ తెలియని రెండో ఫోన్ని దిండు గలీబులోకి తోసేసి, "నెత్తికెక్కుతానట" అని తనలో తనే నవ్వుకున్నారు.