గుచ్చుకోని రాయి

ఆ జంట మూడోసారి గుమ్మం ఎక్కగానే నగల షాపు మేనేజర్‌కి అనుమానం రూఢి అయిపోయింది. వీళ్ళు కొనే బాపతు కాదు, కొట్టేసే బాపతు.

షాపులో అందరూ చాటుగా అతన్ని భూతద్దం అంటారు. ఆ భూతద్దం రాళ్ళ మీద వాలేది తక్కువ, మనుషుల మీద వాలేది ఎక్కువ. చెప్పుల అరుగుదల చూసి మర్యాద కొలిచే రకం. "రాయిని ఎవడైనా చూస్తాడు, మనిషిని చూడటం రావాలి" అని కొత్తగా చేరిన ప్రతివాళ్ళకీ పాఠం చెబుతాడు. విడి వజ్రాలన్నీ అతని సంతకం మీదే బయటికి వస్తాయి, అతని సంతకం మీదే లోపలికి పోతాయి. ఒక్కటి పోయినా ఉద్యోగం ఊడుతుందని యజమాని రోజూ చెవిలో జోరీగలా చెబుతూనే ఉంటాడు.

మొదటిసారి వచ్చినప్పుడే ఆరా తీశాడు. కుర్రాడు కళ్ళజోళ్ళ కొట్లో అద్దాలు సానపడతాడు. ఆ పిల్ల పసిపిల్లల్ని చూసుకునే చోట ఆయా. నిశ్చితార్థానికి ఉంగరమట. అందులోనూ పొడుగాటి వజ్రమట!

"పియ్యిగుడ్డలు ఉతికే చేతికి వజ్రం ఒక్కటే తక్కువ" అని సేల్స్‌గర్ల్‌తో వాళ్ళకి వినపడేలాగే అన్నాడు.

ఆ రోజు ఆ పిల్ల ప్రతి రాయినీ బొటనవేలి గోటి మీద పెట్టుకుని, ఇంత పొడుగు, ఇంత వెడల్పు అని గంటసేపు మురిసింది. కొనలేదు. వెళ్ళేటప్పుడు సెక్యూరిటీ చేత జేబులు, సంచి, ఆఖరికి చెప్పులు కూడా దులిపించాడు భూతద్దం. అదే గంటలో కారు దిగిన కుటుంబం ఒకటి వచ్చి, ఏమీ కొనకుండానే వెళ్ళింది. వాళ్ళకి కాఫీ, వంగి వంగి దండాలు.

రెండోసారి వచ్చి మొనల గొడవ పెట్టుకుంది.

"ఇదిగో, ఈ పడవలా ఉన్నది, గుచ్చుకుంటుందా సార్?"

"దాన్ని మార్క్వీజ్ అంటారమ్మా. పడవ కాదు, తెప్ప కాదు."

"పేరేదైతేనేం సార్, గుచ్చుకుంటుందా?" అంటూ తనే చెంపకి రాసుకుని చూసింది. "అబ్బ, గుచ్చుకుంటోంది బావా! ఈ నీటిబొట్టుది ఒక పక్క బానే ఉంది గానీ, రెండో పక్క మళ్ళీ మొనే."

"పసిపిల్లల్ని ఎత్తుకునే చేతులు కదా సార్, అదీ భయం" అన్నాడు కుర్రాడు.

వాళ్ళని వదిలించుకుంటే చాలనుకుని భూతద్దం కోలగా ఉన్న రాయి ముందుకు తోశాడు. "ఇది ఓవల్. మొన లేదు, మూల లేదు. వెన్నముద్దలా జారుతుంది. చాలా?"

ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. "ఇదే బావా! ఇదైతే ఎవరికీ గుచ్చుకోదు."

అయినా కొనలేదు. మళ్ళీ దులిపించాడు. మళ్ళీ ఏమీ రాల్లేదు.

ఇదిగో, ఇవాళ మూడోసారి.

"ఏమయ్యా, ఇవాళైనా కొంటారా, లేక ఇదేమన్నా మ్యూజియం అనుకుంటున్నారా?"

"మ్యూజియమే నయం సార్, టికెట్ కొంటే తిట్టరు" అంది ఆ పిల్ల తడుముకోకుండా. "ఓవల్‌వి ఒక్కసారి చూపించండి. ఇదే ఆఖరు."

నల్ల మఖమల్ ట్రేలో ఐదు ఓవల్ రాళ్ళు పెట్టాడు. తన కళ్ళు ఆమె వేళ్ళ మీద పెట్టాడు. సబ్బునీళ్ళకి పగిలిన వేళ్ళు. చూస్తేనే ఒళ్ళు మండింది. ఆ పిల్ల ఒక రాయి తీసి కుర్రాడి మొహం దగ్గర పెట్టింది. అతను చూడబోయి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని దగ్గడం మొదలుపెట్టాడు. దగ్గు ఎంతకీ ఆగలేదు. ఆమె రాయి ట్రేలో పెట్టేసి అతని వీపు రాసింది.

"కాసిని మంచినీళ్ళు ఇప్పించండి సార్!"

నీళ్ళు కూడా మనిషిని చూసి పోసే కొట్టు అది. భూతద్దం అటు తిరిగి కేకేసి, డ్రైవర్ల కోసం ఉంచిన గీతలు పడ్డ ప్లాస్టిక్ గ్లాసులో తెప్పించాడు. తుంపర్లు మీద పడకుండా చెయ్యి చాపి అందించాడు. కుర్రాడు తల వెనక్కి వాల్చి గటగటా తాగేశాడు. దగ్గు ఆగింది.

"మనసు మారింది సార్" అంది ఆ పిల్ల. "మా వేళ్ళకి ఇంత రాయి బరువు. మామూలు రింగులే మార్చుకుంటాం."

భూతద్దానికి కావలసిందీ అదే. ట్రే లాక్కుని వేలితో లెక్కపెట్టాడు. ఐదుకి ఐదూ ఉన్నాయి. జేబులో ఉన్న అసలు భూతద్దం బయటికైనా తీయలేదు. లెక్క సరిపోయాక ఇక చూడాల్సింది మనుషుల్నే కదా! రాళ్ళు బీరువాలో పెట్టి, తాళం వేసి, సంతకం గీకి, సెక్యూరిటీకి సైగ చేశాడు.

ఈసారి జేబులతో, సంచితో ఆగలేదు. ఆడ గార్డు చేత ఆ పిల్ల జడ విప్పించాడు. కుర్రాడి నోరు తెరిపించి నాలుక కింద టార్చి వేయించాడు. ఏమీ లేదు.

"అయిందా సార్?"

"పొండి. మళ్ళీ ఈ గుమ్మం తొక్కారంటే పోలీసుల్ని పిలుస్తా. వజ్రాలు పెట్టుకునే మొహాలా మీవి?"

"రాం సార్" అంది ఆ పిల్ల జడ అల్లుకుంటూ. "ఒట్టు."

వాళ్ళు రోడ్డు దాటేదాకా గాజు తలుపు వెనకనుంచి చూసి, సేల్స్‌గర్ల్ వైపు తిరిగి మీసం దువ్వుకున్నాడు. "చూశావా? నా కళ్ళుగప్పి ఇసక రేణువు కూడా పోదు."

బస్‌స్టాపులో కుర్రాడు ఇంకా గొంతు తడుముకుంటూనే ఉన్నాడు. ఆ పిల్ల అతని వీపు నిమిరింది.

"భయపడకు బావా, మొన లేని రాయి, నున్నగా దిగిపోయుంటుంది. నువ్వు సానపట్టిన అద్దం ముక్కకి ఆ పెద్దమనిషి తాళం వేసి మరీ సంతకం పెట్టాడు, రేపు పొద్దున అసలుది బయటపడ్డాక వెతికి కడిగే పని నాకొదిలెయ్, పియ్యిగుడ్డలు ఉతికే చేతులే కదా!"